వయోజనుల జపనీస్ అభ్యాసం: ప్రేరణ నిలిచే తీరు, సడలే తీరు

ప్రశ్న స్వరూపం

1972లో ఏర్పడిన జపాన్ ఫౌండేషన్ విదేశాల్లో జపనీస్ బోధన ఎలా సాగుతున్నదో ఎప్పటికప్పుడు సర్వే చేస్తూ వస్తోంది. 2021 నాటి సర్వే ప్రకారం 141 దేశాల్లో, ప్రాంతాల్లో దాదాపు 38 లక్షల మంది ఏదో ఒక విద్యాసంస్థలో ఈ భాషను నేర్చుకుంటున్నారు. పుస్తకమో ఫోనో ముందు పెట్టుకుని ఇంట్లో సొంతంగా చదువుకునేవారు ఈ లెక్కలోకి రారు కనుక అసలు సంఖ్య ఇంతకంటే పెద్దదే అయి ఉండాలి. వీరిలో పాఠ్యాంశంగా చదివే బడిపిల్లలను, కళాశాల విద్యార్థులను పక్కన పెడితే మిగిలేది ఉద్యోగ, కుటుంబ బాధ్యతల నడుమ తమంతట తాముగా ఈ భాషను ఎంచుకున్న వయోజనులు. చదవమని వారిని ఒత్తిడి చేసేవారు సాధారణంగా ఉండరు, మానేస్తే అడిగేవారూ ఉండరు; చదువు సాగినా ఆగినా ఆ నిర్ణయం ప్రతి సాయంత్రమూ వారే తీసుకోవలసి ఉంటుంది.

స్థాయి పెరిగేకొద్దీ తరగతి పలచబడటం జపనీస్ బోధించేవారందరూ ఎరిగినదే. మొదటి పాఠాల్లో కిక్కిరిసిన గది రెండో ఏడాదికి సగం ఖాళీ అయినప్పుడు, మానేసినవారికి పట్టుదల లేదనో శ్రద్ధ చాలలేదనో చెప్పుకోవడం పరిపాటి. మానేసినవారు సైతం తమ గురించి తాము అలాగే అనుకుంటారు. అయితే భాషాభ్యాసంలో ప్రేరణ గురించి అరవై ఏళ్లకు పైగా సాగిన పరిశోధనను, జపనీస్ భాషకే ప్రత్యేకమైన కష్టాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ వివరణ చాలదని తేలుతుంది. ఏదైనా పనిని మొదలుపెట్టించి, దిశ చూపి, కొనసాగించే అంతరంగ బలాన్ని మనస్తత్వశాస్త్రం ప్రేరణ అంటుంది. ఆ బలాన్ని మనిషి వెంట తెచ్చుకునే నిల్వగా కంటే అభ్యాసం సాగే క్రమంలో పుడుతూ, తరుగుతూ, మళ్లీ పుట్టేదిగా అర్థం చేసుకున్నప్పుడే వయోజనుల సమస్యకు సరైన సమాధానం దొరుకుతుందని ఈ సమీక్ష ప్రతిపాదిస్తుంది.

సిద్ధాంతాల క్రమపరిణామం

ఈ రంగంలో ఆధునిక పరిశోధనకు పునాది కెనడాలో పడింది. మాంట్రియల్ నగరంలో ఫ్రెంచి నేర్చుకుంటున్న ఇంగ్లీషు విద్యార్థులను పరిశీలించి రాబర్ట్ గార్డ్‌నర్, వాలస్ లాంబర్ట్ 1959లో ప్రచురించిన అధ్యయనం, 1972లో వెలువరించిన గ్రంథం రెండు రకాల ప్రేరణలను వేరు చేసి చూపాయి. ఒక భాష మాట్లాడే ప్రజలకు దగ్గర కావాలని, వారి జీవితంలో పాలుపంచుకోవాలని కలిగే కోరికను మమేక ప్రేరణ అనవచ్చు. ఉద్యోగం, జీతం, పరీక్ష వంటి ఫలితాల కోసం నేర్చుకోవడాన్ని ప్రయోజన ప్రేరణ అనవచ్చు. మొదటిది ఎక్కువ కాలం నిలుస్తుందని వారు తొలుత భావించారు గాని, తరవాత ఇతర దేశాల్లో జరిగిన అధ్యయనాలు పరిస్థితిని బట్టి రెండోది కూడా అంత బలంగానూ పనిచేయగలదని తేల్చాయి.

మాంట్రియల్‌లో ఫ్రెంచి మాట్లాడేవారు పక్క వీధిలోనే ఉంటారు. జపాన్ వెలుపల జపనీస్ నేర్చుకునేవారికి ఆ ప్రజలు ఎక్కువగా పుస్తకాల్లో, చలనచిత్రాల్లో, మాంగా బొమ్మల కథల్లో, అనిమే చిత్రాల్లో మాత్రమే తారసపడతారు. 1913లో బ్రిటిష్ మ్యూజియంలో ఉద్యోగంలో చేరి, అక్కడి చిత్రాలను అర్థం చేసుకోవడానికి చైనీస్, జపనీస్ భాషలను సొంతంగా నేర్చుకున్న ఆర్థర్ వేలీ 1925 నుంచి 1933 వరకు 'గెంజి గాథ' అనే జపనీస్ ప్రాచీన నవలను ఇంగ్లీషులోకి తెచ్చారు. అయినా జీవితంలో ఒక్కసారి కూడా జపాన్‌కు వెళ్లలేదు. అటువంటి అభ్యాసకుల కోరికను పొరుగువారితో కలిసిపోవాలనే కోరికగా వివరించడం కష్టం. మరో చట్రం అవసరమైంది.

ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయన్ 1985లో సమగ్రంగా ప్రతిపాదించిన స్వయంనిర్ణయ సిద్ధాంతం ఒక దారి చూపింది. తన పనిని తానే ఎంచుకున్నానన్న భావన, ఆ పనిలో సామర్థ్యం పెరుగుతున్నదన్న అనుభవం, తోటివారితో అనుబంధం అనే మూడు అవసరాలు తీరినంత మేరకే ప్రేరణ లోలోపలి నుంచి పుడుతుందని వారు చెప్పారు. బయటి ఒత్తిడితో మొదలైన పని కూడా ఈ మూడు అవసరాలు తీరుతున్నప్పుడు క్రమంగా సొంతమవుతుంది. ఇష్టంతో మొదలైన పని సైతం ఇవి తీరనప్పుడు భారంగా మారుతుంది. కింబర్లీ నోయెల్స్ తదితరులు ఈ ఆలోచనను భాషాభ్యాసానికి అన్వయించారు.

హంగరీకి చెందిన జోల్తాన్ డోర్న్యే ఈ చర్చను రెండు విధాలుగా ముందుకు తీసుకువెళ్లారు. ఇష్త్వాన్ ఓట్టోతో కలిసి 1998లో రాసిన పత్రంలో, మొదలుపెట్టాలన్న నిర్ణయానికి, సాగుతున్న పనిని కాపాడుకోవడానికి, పని ముగిశాక వెనక్కి చూసుకుని అంచనా కట్టడానికి వేరువేరు శక్తులు పనిచేస్తాయని ఆయన వాదించారు. 2005లో ప్రతిపాదించిన నమూనాలో ప్రేరణకు మూడు మూలాలు చెప్పారు: ఆ భాష వచ్చిన మనిషిగా తనను తాను ఊహించుకునే ఆదర్శ రూపం, ఇతరుల దృష్టిలో ఎలా ఉండాలన్న బాధ్యతా రూపం, అభ్యాసం రోజూ ఇచ్చే అనుభవం. జపాన్ చూడని వేలీ వంటివారిని ఈ నమూనా సులభంగా వివరించగలదు, ఎందుకంటే ఇందులో కలిసిపోవలసిన సమాజం ఎదురుగా ఉండనక్కరలేదు, తాను కాబోయే మనిషి స్పష్టంగా కనిపిస్తే చాలు. కెనడాకు వలస వచ్చిన మహిళలను పరిశీలించిన బానీ నార్టన్ 1995లో మరో కోణం చేర్చారు. నేర్చుకోవాలన్న కోరిక ఎంత బలంగా ఉన్నా, చుట్టూ ఉన్నవారు మాట్లాడే అవకాశం ఇవ్వకపోతే మనిషి మౌనంగానే ఉండిపోతాడని, కనుక కోరికను మాత్రమే కాక ఆ భాష మీద మనిషి పెట్టే పెట్టుబడిని, దానికి సమాజం ఇచ్చే ప్రతిఫలాన్ని కూడా లెక్కించాలని ఆమె వాదన.

ఈ ఆలోచనలన్నీ ఒకే జీవితంలో వరుసగా కనిపించే ఉదాహరణ అమెరికన్ పండితుడు డొనాల్డ్ కీన్. 1940లో న్యూయార్క్‌లో వేలీ అనువదించిన 'గెంజి గాథ' కొని చదవడంతో ఆయనలో ఆసక్తి పుట్టింది. 1942లో అమెరికా నౌకాదళం నడిపిన జపనీస్ భాషా పాఠశాలలో చేరడంతో యుద్ధావసరం ఆ ఆసక్తికి క్రమశిక్షణ తెచ్చింది. యుద్ధం ముగిశాక కొలంబియా విశ్వవిద్యాలయంలో సాహిత్య బోధన, జపాన్ రచయితలతో స్నేహాలు దాన్ని దశాబ్దాల పాటు నిలిపాయి. 2011 భూకంపం తరవాత ఆయన జపాన్‌లో స్థిరపడి 2012లో ఆ దేశ పౌరసత్వం తీసుకున్నారు. ఏడు దశాబ్దాలు నిలిచిన ఆ అభ్యాసం వెనుక ఒకే ప్రేరణ లేదు. ఒకటి సడలేనాటికి మరొకటి దాని స్థానంలోకి వచ్చింది.

వయసు ఎంతవరకు అడ్డంకి

వయోజనులు చదువు మానడానికి చెప్పుకునే కారణాల్లో వయసు ఒకటి. భాష సహజంగా అబ్బే వయసు బాల్యంతో ముగుస్తుందన్న వాదాన్ని ఎరిక్ లెనెబెర్గ్ 1967లో ప్రచారంలోకి తెచ్చారు. 2018లో జాషువా హార్ట్‌షోర్న్, జాషువా టెనన్‌బామ్, స్టీవెన్ పింకర్ దాదాపు 6.7 లక్షల మంది ఇచ్చిన సమాధానాలను విశ్లేషించి, ఇంగ్లీషు వ్యాకరణాన్ని గ్రహించే వేగం 17 ఏళ్ల వయసు దాకా నిలకడగా ఉండి తరవాత తగ్గుతుందని చూపారు. మరోవైపు కేథరిన్ స్నో, మరియన్ హూఫ్‌నాగెల్ హ్యోలె 1978లో నెదర్లాండ్స్‌లో జరిపిన అధ్యయనంలో డచ్ నేర్చుకుంటున్న చిన్నపిల్లల కంటే కౌమారంలో ఉన్నవారు, పెద్దలు తొలి నెలల్లో వేగంగా ముందుకు సాగారు.

ఈ రెండు ఫలితాల మధ్య వైరుధ్యం లేదు. వయసు పైబడ్డాక పుట్టుకతో మాట్లాడేవారితో సమానమైన తీరును అందుకోవడం అరుదు. కాని చదివి అర్థం చేసుకోగలిగే, పని జరుపుకోగలిగే, స్నేహం చేయగలిగే స్థాయిని అందుకోవడానికి వయసు అడ్డు రాదు. చైనాలోని హార్బిన్‌లో పుట్టి, జపనీస్ రాకుండానే 1987లో జపాన్ చేరిన యాంగ్ యీ 2008లో ఆ దేశపు ప్రతిష్ఠాత్మక అకుతగవా సాహిత్య పురస్కారం అందుకున్నారు. జపనీస్ మాతృభాష కాని రచయితల్లో ఆ గౌరవం దక్కిన తొలి వ్యక్తి ఆమె. ఆమె స్థాయి అసాధారణమైనదే. అయినా ఇరవై ఏళ్లు దాటాక మొదలుపెట్టిన భాషలో రచయిత కాగలిగినప్పుడు, అదే వయసులో మొదలుపెట్టి పత్రిక చదవగలగడం అసాధ్యమనుకోనక్కరలేదు. పుట్టు జపనీయుల ఉచ్చారణను కొలబద్దగా పెట్టుకున్న వయోజనులు ప్రతి వాక్యంలోనూ ఓటమినే చూస్తారు. తమ అవసరాన్ని కొలబద్దగా పెట్టుకున్నవారికి గెలుపు తరచుగా కనిపిస్తుంది. వయసు ప్రేరణను దెబ్బతీసే దారి ఎక్కువగా ఈ కొలబద్ద ఎంపికలోనే ఉంది.

జపనీస్ భాష పెట్టే పరీక్ష

అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యవేత్తలకు భాషలు నేర్పే సంస్థలో, ఇంగ్లీషు మాతృభాషగా గలవారు వృత్తిపరమైన స్థాయికి రావడానికి స్పానిష్ వంటి భాషకు 600 నుంచి 750 తరగతి గంటలు సరిపోతాయని, జపనీస్‌కు 2,200 గంటలు కావాలని అంచనా వేస్తారు. ఇంటి దగ్గర చదివే సమయం ఇందులో కలవదు. రోజుకు ఒక గంట మాత్రమే కేటాయించగలిగే వయోజనులకు ఈ 2,200 గంటలంటే ఒక్క రోజు కూడా తప్పకుండా ఆరేళ్లు. ఈ లెక్క ముందుగా తెలియనివారు ఏడాది చివర తమ స్థాయి చూసుకుని లోపం తమలోనే ఉందనుకుంటారు.

కష్టం మొత్తం ఎంతన్నదాని కంటే అది ఏ దశలో వచ్చి పడుతుందన్నది ప్రేరణ దృష్టితో ముఖ్యం. జపనీస్‌లో మూడు లిపులు కలిసి నడుస్తాయి. హిరగాన, కతకాన అనే రెండూ ధ్వనిని రాసే లిపులు. ఒక్కొక్కదానిలో మూలాక్షరాలు 46. ఇవి కొద్ది వారాల్లో వచ్చేస్తాయి కనుక ఆరంభంలో విజయం త్వరగా రుచి చూపిస్తుంది. మూడోది చైనా నుంచి వచ్చిన కంజి. ఇందులో ఒక్కో అక్షరం ఒక్కో అర్థాన్ని సూచిస్తుంది. నిత్యవ్యవహారానికి కావలసిన కంజిలను జపాన్ ప్రభుత్వం 1946లో 1,850గా, 1981లో 1,945గా, 2010లో 2,136గా నిర్ణయించింది. జపాన్‌లో పిల్లలు ప్రాథమిక పాఠశాలలోని ఆరేళ్లలో 1,026 కంజిలు నేర్చుకుంటారు. అయితే ఆ పిల్లలకు మాట ముందే తెలుసు, అక్షరం మాత్రమే కొత్త. విదేశీ అభ్యాసకులు మాటను, అర్థాన్ని, అక్షరాన్ని, దాని ఉచ్చారణలను ఒకేసారి తలకెత్తుకోవాలి. పైగా ఒకే కంజికి చైనా మూలం నుంచి వచ్చిన ఉచ్చారణ ఒకటి, దేశీయమైనది మరొకటి ఉండటం మామూలు. పుట్టుకను, జీవాన్ని సూచించే ఒక్క కంజినే సందర్భాన్ని బట్టి 'సెయ్', 'షో', 'ఇ', 'ఉ', 'నమ' అని రకరకాలుగా చదవవలసి వస్తుంది.

ఈ భారం ఎక్కడ ఒక్కసారిగా పెరుగుతుందో జపనీస్ భాషా ప్రావీణ్య పరీక్ష చరిత్రే చెబుతుంది. జె.ఎల్.పి.టి. అని పిలిచే ఈ పరీక్ష 1984లో 15 దేశాల్లో సుమారు 7,000 మంది అభ్యర్థులతో, నాలుగు స్థాయిల్లో మొదలైంది. అన్నిటికంటే కింద ఉన్న నాలుగో స్థాయికి 100 కంజిలు, 800 మాటలు, 150 గంటల చదువు కావాలని నాటి ప్రమాణాల్లో పేర్కొన్నారు; మూడో స్థాయికి 300 కంజిలు, 1,500 మాటలు, 300 గంటలు; రెండో స్థాయికి 1,000 కంజిలు, 6,000 మాటలు, 600 గంటలు; మొదటి స్థాయికి 2,000 కంజిలు, 10,000 మాటలు, 900 గంటలు. నాలుగు నుంచి మూడుకు వెళ్లడానికి 150 గంటల్లో 700 మాటలు నేర్చుకుంటే చాలు, అంటే గంటకు ఐదు కంటే తక్కువ. మూడు నుంచి రెండుకు వెళ్లడానికి 300 గంటల్లో 4,500 మాటలు, అంటే గంటకు పదిహేను. అదే మనిషి, అదే శ్రద్ధ, అదే సమయం ఉన్నా మోయవలసిన బరువు మూడింతలైంది. ఈ అగాధాన్ని పూడ్చడానికే 2010లో పరీక్షను ఎన్-5 నుంచి ఎన్-1 దాకా ఐదు స్థాయిలుగా మార్చి, పాత మూడు, రెండు స్థాయిల మధ్య ఎన్-3 అనే కొత్త మెట్టు కట్టారు.

బరువు పెరిగే ఈ దశలోనే ఫలితం కంటికి ఆనడం తగ్గుతుంది. తొలి ఐదువందల మాటలు ప్రతి సంభాషణలోనూ ఎదురవుతాయి కనుక నేర్చుకున్న మర్నాడే పనికొస్తాయి. నాలుగువేల తరవాత నేర్చుకునే మాట మళ్లీ వారాల తరబడి వినిపించకపోవచ్చు. శ్రమ పెరిగి, సామర్థ్యం పెరుగుతున్న అనుభవం తగ్గినప్పుడు ప్రేరణ సడలుతుందని డెసీ, రయన్ సిద్ధాంతాన్ని బట్టే ఊహించవచ్చు. కంజి అభ్యాసంలో ఆత్మనియంత్రణను పరిశీలిస్తూ హీత్ రోజ్, లెస్లీ హార్బన్ 2013లో ప్రచురించిన అధ్యయనం ఇందుకు అనుగుణంగానే ఉంది. అభ్యాసకులు విసుగుతో, నిరాశతో, రేపటికి వాయిదా వేసే అలవాటుతో సతమతమయ్యారని, తమకు తాము పెట్టుకున్న లక్ష్యాలను నిలబెట్టుకోలేక తమను తామే నిందించుకున్నారని వారు నమోదు చేశారు. మధ్యస్థాయిలో మానేయడం బలహీనత కంటే ఈ అమరిక ఫలితమని గుర్తిస్తే ఆత్మనిందకు బదులు అమరికను మార్చుకునే ఆలోచన మొదలవుతుంది.

మాట్లాడే భయం

సొంత భాషలో గౌరవంగా, నేర్పుగా మాట్లాడగలిగిన మనిషి కొత్త భాషలో పసిపిల్లల వాక్యాలకు పరిమితం కావలసి రావడం వయోజనులకు ప్రత్యేకమైన బాధ. ఎలేన్ హార్విట్జ్, ఆమె సహరచయితలు 1986లో పరభాషా తరగతిలో కలిగే ఆందోళనను కొలిచే ప్రశ్నావళిని రూపొందించారు. దాన్ని యుకియే ఐదా 1994లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జపనీస్ నేర్చుకునే విద్యార్థుల మీద ప్రయోగించి, ఆందోళన ఎక్కువగా ఉన్నవారి మార్కులు తక్కువగా ఉన్నాయని కనుగొన్నారు. ఇతరులు తక్కువగా అంచనా వేస్తారన్న భయం, తన మాటతీరు తోటివారి కంటే తీసికట్టన్న అభిప్రాయం ఈ ఆందోళనకు ముఖ్య కారణాలని కజు కితానో 2001లో చూపారు. ఎదుటివారిని హెచ్చించడానికి ఒక క్రియారూపం, తనను తగ్గించుకోవడానికి మరొక క్రియారూపం వాడవలసిన జపనీస్ మర్యాదా వ్యవస్థ ఈ భయాన్ని మరింత పెంచుతుంది.

ఆందోళన ప్రేరణను నేరుగా చంపదు; మాట్లాడే సందర్భాలను తప్పించుకునేలా చేసి, ఆ విధంగా అనుబంధం అనే అవసరాన్ని తీరకుండా చేస్తుంది. ఏళ్ల తరబడి అక్షరాలు దిద్దుతూ ఒక్క జపనీయునితోనైనా మాట్లాడని అభ్యాసకులకు భాష జ్ఞాపకశక్తి పరీక్షగా మిగిలిపోతుంది. అందుచేత తప్పులు సహజమని ముందే ఒప్పుకున్న చిన్న బృందాలు, వారానికొకసారి కలిసే సంభాషణ సహచరులు, మార్కులు వేయని గురువులు పాఠ్యపుస్తకాలంత ముఖ్యం.

నిలబెట్టే పద్ధతులు

పరిశోధన నుంచి ఆచరణకు వచ్చే సూచనల్లో అన్నిటికంటే గట్టి ఆధారం జ్ఞాపకానికి సంబంధించిన వాటికి ఉంది. హెర్మన్ ఎబింగ్‌హౌస్ 1885లోనే మరుపు వేగాన్ని కొలిచి, మరిచిపోయే లోపు విరామాలిస్తూ మళ్లీ చదివితే తక్కువ శ్రమతో గుర్తుంటుందని చూపారు. సెబాస్టియన్ లైట్నర్ 1972లో అట్టముక్కలను అరల్లో సర్దే పద్ధతిగా దాన్ని ప్రచారం చేయగా, 2006లో వెలువడిన అంకి అనే సాఫ్ట్‌వేర్ ఆ విరామాలను కంప్యూటర్ చేతిలో పెట్టింది. చదివినదాన్ని మళ్లీ చదవడం కంటే గుర్తుతెచ్చుకునే ప్రయత్నం చేయడం మేలని హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే 2006లో నిరూపించారు. కంజికి ఈ రెండు సూత్రాలూ తగిన ఆయుధాలు. కాని ఉత్సాహంగా ఉన్న నెలలో రోజుకు ముప్పై కొత్త మాటలు చేర్చుకున్నవారిని, తీరిక లేని నెలలో వందల కొద్దీ పేరుకున్న పునశ్చరణలు బెదరగొడతాయి; ఆ గుట్టను చూసి సాఫ్ట్‌వేర్‌తో పాటు భాషను కూడా వదిలేసేవారున్నారు. కొత్త మాటల సంఖ్యను ఉత్సాహం ఎక్కువగా ఉన్న రోజును బట్టి కాక, అలసిన రోజున కూడా మోయగలిగేంతగా నిర్ణయించుకోవాలి.

అలవాటు గురించిన పరిశోధన ఇదే చెబుతుంది. ఫిలిప్పా లాలీ, ఆమె సహచరులు లండన్‌లో 96 మందిని పరిశీలించి 2010లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఒక పని అప్రయత్నంగా జరిగే అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది; అయితే అది మనిషిని, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా మారింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెదరలేదు. పీటర్ గోల్‌విట్జర్ 1999లో చూపినట్టు, 'రోజూ చదువుతాను' అనే సంకల్పం కంటే 'ఉదయం కాఫీ తాగిన వెంటనే ఈ పుస్తకంలో రెండు పేజీలు చదువుతాను' అని సమయాన్ని, చోటును, పనిని ముడిపెట్టుకున్న సంకల్పం నెరవేరే అవకాశం ఎక్కువ.

వరుసగా ఎన్ని రోజులు చదివారో లెక్కపెట్టి బహుమతులిచ్చే మొబైల్ యాప్‌లు ఈ అలవాటుకు తోడ్పడతాయన్నది నిజమే. కాని మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ 1973లో బొమ్మలు గీయడమంటే ఇష్టపడే పిల్లల మీద చేసిన ప్రయోగంలో, బహుమతి వస్తుందని ముందే చెప్పి గీయించిన పిల్లలు తరవాత తమంతట తాము గీయడం తగ్గించారు. లెక్క చెదిరిన రోజున చదువే మానేసే అభ్యాసకులకు ఆ లెక్కే లక్ష్యమైపోయిందని అర్థం. బయటి బహుమతి మొదటి నెలలకు ఊతం కాగలదు. సంవత్సరాలను మోయవలసింది భాషే.

భాష ఆనందాన్ని ఇవ్వాలంటే దాన్ని చదవాలి, వినాలి. అర్థమయ్యే భాషను విస్తారంగా అందుకోవడమే భాష అబ్బడానికి మూలమని స్టీఫెన్ క్రాషెన్ 1980లలో చేసిన వాదం మీద ఇప్పటికీ చర్చ నడుస్తోంది. అయినా ఎక్కువగా చదివేవారికి చదువు మీద ఇష్టం పెరుగుతుందన్న విషయంలో అభిప్రాయభేదం తక్కువ. జపాన్‌లో 'తదోకు' పేరుతో సాగుతున్న విస్తృత పఠనోద్యమం నాలుగు నియమాలు చెబుతుంది: సులభమైన పుస్తకంతో మొదలుపెట్టాలి, నిఘంటువు చూడకూడదు, అర్థం కానిచోట దాటిపోవాలి, పుస్తకం సాగకపోతే మూసి మరొకటి అందుకోవాలి. స్థాయిని బట్టి రాసిన చిన్న పుస్తకాలు ఇందుకోసమే ఉన్నాయి. మాటల బరువు మూడింతలయ్యే మధ్యదశలో ఈ పఠనం అత్యవసరం, ఎందుకంటే విడిగా నేర్చుకుంటే వారాల తరబడి ఎదురుపడని మాట కథలో తారసపడి నేర్చుకున్న శ్రమకు ప్రతిఫలం చూపిస్తుంది.

ప్రగతిని కళ్లకు కట్టడానికి పరీక్ష కూడా ఒక సాధనం. జులై, డిసెంబరు నెలల్లో జరిగే జె.ఎల్.పి.టి. ఏడాదికి ఒక లయను, చదువుకు ఒక గడువును ఇస్తుంది. అయితే సమాధానాల్లో ఒకటి ఎంచుకునే ఆ పరీక్షలో మాట్లాడటానికి, రాయడానికి భాగాలు లేవు కనుక, పరీక్ష ఒక్కటే లక్ష్యమైనవారు పై స్థాయి ధ్రువపత్రం చేతికి వచ్చాక కూడా నోరు విప్పలేకపోవడం, దానితో ఆ ధ్రువపత్రం మీదే నమ్మకం పోవడం జరుగుతుంది. జపాన్ ఫౌండేషన్ 2010లో ప్రకటించిన ప్రమాణం ఈ లోపాన్ని గుర్తించింది. ఐరోపా భాషా ప్రమాణాలను ఆధారం చేసుకున్న ఆ పద్ధతి ఎన్ని మాటలు వచ్చని కాక ఏ పని చేయగలరని అడుగుతుంది: దుకాణంలో ధర అడగగలరా, తమ ఊరి గురించి నాలుగు మాటలు చెప్పగలరా, వైద్యునికి బాధ వివరించగలరా. ఈ ప్రశ్నలకు అవునన్న జవాబు పెరిగేకొద్దీ, సంఖ్యల్లో కనిపించని ప్రగతి కూడా కనిపిస్తుంది.

తెలుగు అభ్యాసకుల స్థితి

2,200 గంటల అంచనా ఇంగ్లీషు మాతృభాషగా గలవారిది. తెలుగువారికి జపనీస్ వాక్యనిర్మాణం అంత దూరమైనది కాదు. రెండు భాషల్లోనూ క్రియ వాక్యం చివర వస్తుంది, విభక్తులు నామవాచకం తరవాత చేరతాయి, వర్ణించే వాక్యాంశం పదానికి ముందు నిలుస్తుంది. 'నిన్న కొన్న పుస్తకం' అన్న వరుస జపనీస్‌లోనూ అదే. 'చేసి చూడు', 'వెళ్లి వస్తాను' వంటి జంటక్రియలు దాదాపు మాటకు మాట సరిపోతాయి. హ్రస్వ దీర్ఘాల తేడా, ద్విత్వాక్షరాల తేడా తెలుగు చెవికి కొత్త కావు. హిరగాన పట్టిక వరుస సైతం సంస్కృత ధ్వనిశాస్త్రాన్ని, బౌద్ధులు తీసుకువెళ్లిన సిద్ధం లిపిని చదివిన జపాన్ పండితుల ద్వారా రూపుదిద్దుకున్నది కనుక వర్ణమాల తెలిసినవారికి పరిచితంగా తోస్తుంది. ఇంగ్లీషు వివరణలతో వచ్చే పాఠ్యపుస్తకాల్లో ఇవన్నీ విచిత్రాలుగా కనిపిస్తాయి. వ్యాకరణాన్ని తెలుగుతో పోల్చుకుంటూ నేర్చుకునేవారికి తొలిదశలో సామర్థ్యానుభవం ఎక్కువగా దక్కుతుంది. కంజి భారం మాత్రం తెలుగువారికీ ఇంగ్లీషువారికీ ఒకటే.

తెలుగు నేల మీద ఈ భాషకు అవకాశాలూ ఉన్నాయి. 2008లో ఏర్పడిన హైదరాబాద్ ఐ.ఐ.టి.కి జపాన్ ప్రభుత్వ సహకారం ఉంది; శ్రీసిటీ పారిశ్రామికవాడలో జపాన్ పరిశ్రమలు నడుస్తున్నాయి. సాంకేతిక శిక్షణార్థుల కోసం 2017లో, నిర్దిష్ట నైపుణ్యం గల కార్మికుల కోసం 2021 జనవరిలో భారత్, జపాన్ ఒప్పందాలు చేసుకున్నాయి. ఈ రెండో పథకం కింద వెళ్లేవారు సాధారణంగా ఎన్-4 గాని దానికి సమానమైన ప్రాథమిక పరీక్ష గాని ఉత్తీర్ణులు కావాలి. ఇక్కడే గమనించవలసిన విషయం ఉంది. ఎన్-4 పాత మూడో స్థాయికి సమానం. అంటే ప్రయోజన ప్రేరణకు ప్రతిఫలం దొరికే చోటు, మాటల భారం మూడింతలయ్యే చోటుకు సరిగ్గా ముందుంది. వీసా చేతికి వచ్చాక ఆ ప్రేరణ పని ముగుస్తుంది, కష్టం మాత్రం అప్పుడే మొదలవుతుంది. జపాన్ చేరి తోటి భారతీయులతోనే గడిపేవారికి అవకాశం ఎదురుగా ఉండీ అందకపోవడాన్ని నార్టన్ సిద్ధాంతం వివరిస్తుంది. కార్మికులను పంపే శిక్షణ కేంద్రాలు పరీక్షకు తయారుచేయడంతో ఆగకుండా, దాని తరవాతి రెండేళ్ల చదువుకు దారి చూపడం తమ బాధ్యతగా తీసుకోవాలి.

పరిశోధనలోని వెలితి, తేలిన సారం

ఈ రంగంలోని ఆధారాలకు పరిమితులున్నాయి. 2005 నుంచి 2014 వరకు వెలువడిన ప్రేరణ అధ్యయనాల్లో డెబ్బై శాతానికి పైగా ఇంగ్లీషు నేర్చుకునేవారి మీద జరిగినవే. జపనీస్ మీద జరిగినవి అధికంగా విశ్వవిద్యాలయ విద్యార్థులకు సంబంధించినవి. ఉద్యోగం చేస్తూ ఇంట్లో చదువుకునే నలభై ఏళ్ల మనిషి వాటిలో అరుదుగా కనిపిస్తారు. ప్రశ్నావళికి సమాధానమిచ్చేది ఇంకా చదువుతున్నవారే కాబట్టి, మానేసినవారి అనుభవం లెక్కలోకి రాకుండా పోతుంది. అందువల్ల ఏ ఒక్క పద్ధతినీ అందరికీ సరిపడే మందుగా చెప్పడానికి వీలు లేదు.

అయినా భిన్న దిశల నుంచి వచ్చిన పరిశోధనలు కొన్ని విషయాల్లో ఏకాభిప్రాయానికి దగ్గరగా ఉన్నాయి. మొదటి ప్రేరణ ఎంత బలమైనదైనా మొత్తం దూరాన్ని మోయదు. కనుక అనిమేతో మొదలైనవారు చదవడంలో, ఉద్యోగం కోసం మొదలైనవారు మనుషులతో స్నేహంలో, పరీక్ష కోసం మొదలైనవారు మాట్లాడటంలో తదుపరి కారణాన్ని ముందుగానే వెతుక్కోవాలి. ఎన్-4 దాటాక వచ్చే ఎగుడు దారిని అభ్యాసకులకు మొదటి పాఠంలోనే చెప్పాలి, ఎందుకంటే ముందే తెలిసిన కష్టాన్ని మనిషి తన లోపంగా లెక్కించడు. రోజువారీ భారాన్ని అలసిన రోజును బట్టి నిర్ణయించాలి. ప్రగతిని వచ్చిన మాటల సంఖ్యతో పాటు చేయగలిగిన పనులతో కొలవాలి. మానేసి మళ్లీ మొదలుపెట్టడాన్ని వైఫల్యంగా కాక దీర్ఘాభ్యాసంలో సహజమైన భాగంగా బోధకులు, సంస్థలు స్వీకరించాలి. తిరిగి వచ్చినవారికి మొదటి పాఠం నుంచి కాక ఆగినచోటి నుంచి చేరే తరగతులుండాలి. ఈ ఏర్పాట్లు జరిగినంత మేరకు, ఇంతవరకు మనిషి పట్టుదల మీద మోపిన భారాన్ని బోధన, పాఠ్యక్రమం, తోటి అభ్యాసకులు పంచుకుంటారు. పగలంతా పనిచేసి సాయంత్రం పుస్తకం తెరిచే వయోజనులకు న్యాయంగా అందవలసిన సహాయం అదే.